బెత్తెడు

రేవులో కాటా దగ్గర నా ఉద్యోగం.
లారీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
ఖాళీ బరువు తీసేసి చీటీ రాస్తాను.
పొద్దున్నే, మొదటి లారీ కంటే ముందు,
తెలిసిన తూకపు దిమ్మలు పెట్టి కాటాని అడుగుతాను:
నిన్నటిలాగే ఉన్నావా?
ఇరవై రెండేళ్లలో రెండుసార్లు తప్పు చెప్పింది.
రెండుసార్లూ పట్టుకున్నాను.

కొమ్మాది నుంచి రేవుదాకా నా కారులో నలుగురం.
బిల్లుల సెక్షను దమయంతి గారు,
క్రేన్ల దగ్గర కోరాడ సత్తిబాబు,
ఎక్కగానే నిద్రపోయే ఫ్రాన్సిసు.
తలకి కిలోమీటరుకి రెండు రూపాయలు.
పద్దు పుస్తకం డాష్‌బోర్డు అరలో.

నలుగురి బరువుకి స్పీడుబ్రేకరు మీద
రోజూ కారు కడుపు గీకుతుంటే
కిందటేడు టైర్లు మార్పించాను,
అసలు సైజుకంటే ఒక మెట్టు పెద్దవి.
కారు కాస్త పొడుగైంది.
దిగినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి.

ఆ తర్వాత మైలేజీ పడిపోయింది.
బంకువాణ్ణి తిట్టాను.
బంకు మార్చి ఇంకో బంకువాణ్ణి తిట్టాను.
ఇరవై ఉండే దారి పందొమ్మిదైంది.
అంత తెల్లవారుజామున ఎవడు లెక్కపెడతాడు!

హనుమంతవాక దిగాక రోడ్డు పక్కన
మన వేగం మనకే చూపించే బోర్డు పెట్టారు, ఎర్రంకెలది.
నా సూది అరవై మీద.
బోర్డు అరవై మూడంది.
"పాడైపోయింది," అన్నాను.
దమయంతి గారు పది రోజులు ఊరుకుని
పదకొండో రోజు అన్నారు:
"పాడైతే రోజుకో తప్పు చెప్పాలి కదండీ.
ఇది రోజూ మూడే అంటోంది."

ఆటోనగర్లో ఎర్రునాయుడు ఏ మీటరూ విప్పలేదు.
టైరు అడుగున ఒక సుద్దగీత, నేలమీద ఇంకొకటి.
తొయ్యండి బాబూ, అన్నాడు.
ఒక్క చుట్టు. మళ్లీ గీత.
పక్కనే పాత సైజు టైరు తెచ్చి
అదే గీత నుంచి దొర్లించాడు.
అది ముందే ఆగిపోయింది.
మధ్యలో చెయ్యి ఆనించి చూశాను,
బెత్తెడు, ఆ మీద ఒక వేలు.

"సూదికి దారి తెలీదండి. చుట్లే తెలుస్తాయి.
చుట్టుకి ఇంతని కంపెనీలో ఒకసారి చెప్పీసేరు,
అదే నమ్ముకుని ఉంది పాపం."

నా బుర్ర అప్పటికే పద్దు పుస్తకంలో ఉంది.
వందకి అయిదు. ఏడాది.
ముగ్గురూ నాకు బాకీ.
నా మొహం చూసి ఎర్రునాయుడు సుద్దచేతులు దులుపుకున్నాడు.
"మరి అంతకుముందు గుండైపోయిన టైర్లతో తిరిగేరు కదేటి?
అరిగితే చక్రం చిన్నదైపోతాది.
అప్పుడు లేని దారి కూడా చూపించుంటాది మీటరు."

పది రోజులకి ఎనిమిది కిలోమీటర్లు.
ఎవరూ వెళ్లని ఎనిమిది కిలోమీటర్లకి
డబ్బులు తీసుకుని, చిల్లర సరిగ్గా ఇచ్చి,
కింద సంతకం పెట్టుకున్నాను.

మర్నాడు బోర్డు ముందు చెప్పేశాను, రెండు లెక్కలూ.
సత్తిబాబు పగలబడి నవ్వాడు.
ఫ్రాన్సిసు ఏడాదిలో మొదటిసారి కళ్లు తెరిచి
"నాకెంత రావాలి?" అని, జవాబు వినకుండా పడుకున్నాడు.
దమయంతి గారు పుస్తకం తెరవలేదు.
సిగ్నలు దగ్గర ముందుకి వంగి
నుదుటి మీది స్టిక్కరు బొట్టు తీసి
మీటరు అద్దం మీద అంటించారు, యాభై ఏడు దగ్గర.
"ఇదండీ మన అరవై."

ఇప్పుడు మే నెల.
ఉక్కకి జిగురు కరిగి
బొట్టు యాభై అయిదు దాకా జారుతోంది.
పొద్దున్నే, కాటా కంటే ముందు,
వేలితో దాన్ని పైకి జరుపుతాను.
ఒక్కోరోజు జరపను.
ఆ రోజు కాస్త నెమ్మదిగా వెళ్తాం.
బోర్డు యాభై ఎనిమిది అంటుంది.